రెండో హారింగ్

ధర్మగదిలో ఉండే ముసలి అఫ్కె శవపేటికకి మూత బిగించనైనా లేదు, హిస్కె ఆ గదిలోకి వెళ్ళి కిటికీ తెరకి ఎంత గుడ్డ పడుతుందో కొలుచుకొచ్చిందట. ఈ మాట మా పక్కింటి హిల్‌త్యె రొట్టెల దుకాణంలో చెబితే, రొట్టెలావిడ నాకు చెప్పింది.

"జానలతో కాదు ఫ్రౌక్యె, టేపు పట్టుకెళ్ళిందట. కొలిచి, కిటికీ చట్రం మీద దుమ్ము వేలితో తుడిచి చూసి, అఫ్కె మంచిదే గానీ శుభ్రం తక్కువ అందట. ఆ అఫ్కె పక్కనే పడుకుని ఉంది, పాపం. చెవులు పనిచేస్తుంటే లేచి కూచునేది."

రొట్టెలావిడ నవ్వింది. నేను రొట్టె చంకన పెట్టుకుని బయటికొచ్చేశాను. హిస్కె కొలిచిన ఆ కిటికీ మా అత్తగారికి వస్తుందని నేను ఆశ పెట్టుకుని ఉన్నాను మరి.

మా అత్తగారి పేరు విట్స్‌కె. మా ఆయన యెల్లె పిలిచినట్టే నేనూ మెమ్ అని పిలుస్తాను, అమ్మ అన్నట్టు. మామగారు ఆ చలికాలంలో పోయారు. బతికున్నంత కాలం ఆయన రైండర్ హోయిటింగా ఆసామి దగ్గర పాలేరు. వాళ్ళుండే ఇల్లు పనితోపాటు ఇచ్చింది, పనితోపాటు పోయేది. మే పన్నెండున కొత్త పాలేరు సామాను బండి వచ్చి ఆ గుమ్మం ముందు ఆగుతుంది. పాలేళ్ళు ఇళ్ళు మారే ఆ రోజు మా ఫ్రీస్‌లాండ్‌లో ఏ కరకట్ట మీద చూసినా సామాను బళ్ళే. ఒకళ్ళు దిగాలంటే ఇంకొకళ్ళు ఎక్కాలి. హోయిటింగా చెడ్డవాడని అనను. మామగారి శవాన్ని మోసినవాళ్ళందరికీ టీ, బ్రాందీ తనే పోయించాడు. పోయించి, గడప దాటుతూ, "మే నెల గుర్తుంది గదా విట్స్‌కెకి?" అని అడిగాడు.

మా ఇంట్లో గోడలోకి కట్టిన అరమంచాలు రెండు, పిల్లలు అయిదుగురు. కాలవ వైపు గోడ ఎండాకాలంలో కూడా చెమ్మే. మెమ్‌ని ఆ గోడ పక్కన పడుకోబెడితే వచ్చే చలికాలం దాటదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఇక మిగిలినవి రెండే. ఊళ్ళో బీద ముసలాళ్ళకి ఊరికే ఇచ్చే ధర్మగదుల్లో అఫ్కె పోయి ఖాళీ అయిన గది, లేకపోతే పట్నంలో బీదల ఆశ్రమం. ఆశ్రమంలో ఆడవాళ్ళందరికీ ఒకటే బూడిదరంగు గుడ్డ. గోడ గడియారం తెచ్చుకోనివ్వరు, పొయ్యి ముట్టుకోనివ్వరు, టీ వాళ్ళు పోసినప్పుడే తాగాలి. మెమ్ నోటి నుంచి ఆశ్రమం అనే మాట నేనొక్కసారీ వినలేదు. కానీ పట్నం వైపు వెళ్ళే ట్రాము గంట మోగినప్పుడల్లా చేతిలో పని ఆపేసేది.

ధర్మగదులు కట్టించింది బాటె అని, పాతకాలంలో పడవల మీద వెన్న అమ్మి సంపాదించినవాడు. పిల్లల్లేరు. చేతిపంపు చుట్టూ గదులు కట్టించి, గేటు మీద రాయి చెక్కించి పోయాడు: ముందు నా చెల్లెలు ఇమ్‌క్యె రక్తం, తరవాతే ఊరు. మెమ్ ఇమ్‌క్యె రక్తమే. ఆ సంగతి ఊళ్ళో బాతులక్కూడా తెలుసు. అయితే ఊరికి తెలిస్తే చాలదు, ధర్మకర్తలకి కాగితం కావాలి. ధర్మకర్తల్లో పెద్ద హోయిటింగానే. హిస్కె ఆయన భార్యకి పినతల్లి కూతురు, మొగుడు పోయాక పట్నం నుంచి టోపీల పెట్టెలతో దిగింది.

ధర్మకర్తల లెక్కలు రాసే బడిపంతులు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. "ఇమ్‌క్యె దాకా ఒక్కో మెట్టూ చూపించాలి, ఫ్రౌక్యె. మధ్యలో ఒక్క మెట్టు లేకపోయినా నేనేం చెయ్యలేను. గది హిస్కెకి పోతుంది."

మెట్లు బాగానే ఎక్కాను. మెమ్, మెమ్ తల్లి, ఆవిడ తండ్రి, ఆయన తండ్రి హారింగ్ యాన్స్. ఈ హారింగ్ మెమ్‌కి ముత్తాత, ఇమ్‌క్యె కొడుకు. అక్కడిదాకా ఊరి కచేరీలో కాగితాలున్నాయి. హారింగ్ చావు కాగితం కూడా ఉంది. మా వైపు ఎవరైనా పోతే ఇంట్లోవాళ్ళని కదిలించరు, ఇరుగుపొరుగు ఇద్దరు వెళ్ళి కచేరీలో చెప్పి వస్తారు. హారింగ్ పోయినప్పుడూ అలాగే ఇద్దరు వెళ్ళారు. తల్లిదండ్రుల పేర్లేమిటని గుమస్తా అడిగితే తెలియదన్నారు. అదే రాసేశాడు. వాళ్ళకి హారింగ్ ఆవుల పేర్లు తెలిసే ఉంటాయి, అమ్మ పేరు తెలియలేదు. ఆ ఇద్దర్నీ నేను మనసులో తిట్టని రోజు లేదు.

ఇక బాప్తిస్మం పుస్తకమే దిక్కు. పాత చర్చి పుస్తకాలన్నీ ల్యూవర్డెన్‌లో దస్తావేజుల గదిలో పెట్టారు. పిల్లల్ని హిల్‌త్యెకి అప్పగించి పొద్దుటి ట్రాము ఎక్కాను.

ఆ గది మా చెమ్మ గోడ కంటే చల్లగా ఉంది. వేళ్ళు తెగ్గోసిన చేతితొడుగులు వేసుకుని ఒకాయన కూచున్నాడు.

"ఏ ఊరు?"

"బోల్సుమ్."

"మళ్ళీ బోల్సుమేనా," అన్నాడు. "మొన్నీమధ్యే ఒకావిడ వచ్చి అదే పుస్తకం తిరగేసి పోయింది. మంచి టోపీ పెట్టుకుంది. పేజీ పేజీకి ఆ ఈక నా మొహం మీదికే."

ఈక టోపీ అంటే హిస్కెదే. హిస్కెకి ఇమ్‌క్యెతో ఏం పని? తన రక్తం అందులో లేదు. మా దారిలో గొయ్యి ఎక్కడుందో చూడ్డానికే వచ్చి ఉంటుంది.

పాస్టర్ల రాత కోడి గెలికినట్టుంది. ఆయనే వేలు పెట్టి చదివాడు. బాప్తిస్మం పొందిన బిడ్డ హారింగ్. తండ్రి యాన్ ఫైకెస్. తల్లి ఇమ్‌క్యె, హారింగ్ కూతురు. తాత పేరు మనవడికి పెట్టారు. అంతా మేం అనుకున్నట్టే ఉంది. వెంటనే నకలు రాసిమ్మన్నాను. ఆయన గుండ్రంగా నకలు రాసి, ముద్ర కొట్టి, నోటితో ఊది ఇచ్చాడు.

అక్కడే లేచి వచ్చేస్తే బాగుండేది. సంబరం కొద్దీ ఆ వరస ఇంకోసారి చూద్దామని వంగాను. హారింగ్ పేరు పక్కన సన్నగా ఒక సిలువ ఉంది. సిరా రంగు వేరు. కింది వరసలో ఇంకో పేరుకీ ఉంది, ఆ కింద మళ్ళీ ఉంది.

"ఈ గుర్తులేమిటండీ?"

"అవా. ఆ పాస్టరుకి అలవాటు. పోయిన పిల్లలకి పెట్టేవాడు. ఆ శీతాకాలం అమ్మవారు పోసినట్టుంది, చూడు, పేజీ అంతా సిలువలే."

"నకల్లో సిలువ రాయలేదు మీరు."

"మేం మాటలే రాస్తాం, గుర్తులు రాయం," అన్నాడు. నా మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. "ఒకడు పోతే ఆ పేరు తరవాతి వాడికి పెడతారు గదా. ముందుకి వెతుకు, రెండో హారింగ్ ఉంటాడు."

ఆయన చెప్పింది నిజమే. తాత పేరు నేల మీద పడెయ్యరు ఎవరూ. మగబిడ్డ పోతే మళ్ళీ పుట్టినవాడికి అదే పేరు, వాడూ పోతే ఆ తరవాతి వాడికి. మా ఆయనా రెండో యెల్లెనే. మధ్యాహ్నం దాకా వెతికాం. రెండో హారింగ్ లేడు. రెండో హారింగే కాదు, ఆ సిలువ తరవాత యాన్ ఫైకెస్ ఇంట్లో బిడ్డే పుట్టనట్టుంది ఆ పుస్తకంలో.

"ఊరు వదిలి పోయారేమో," అన్నాడాయన.

అప్పుడు వెలిగింది నాకు. ఊరు వదల్లేదు, చర్చి వదిలారు. మెమ్ వాళ్ళు మెన్నోవాళ్ళు. కాలవ అవతల గోపురం లేని చర్చి వాళ్ళది. పసిపిల్లల నెత్తిన నీళ్ళు చల్లరు. పెరిగి, తన నోటితో నమ్ముతున్నానని చెప్పుకున్నాకే బాప్తిస్మం. మెమ్‌కి పెళ్ళికి ముందు వారం అయిందట. నేను పెద్ద చర్చిలో పుట్టినదాన్ని, పుట్టిన ప్రతివాడూ బాప్తిస్మం పుస్తకంలో ఉంటాడనే నా లెక్క. మొదటి బిడ్డ పోయాక ఇమ్‌క్యెకి ఆ పాస్టరు మీద, ఆ చల్లిన నీళ్ళ మీద మనసు విరిగిందో ఏమో, కాలవ దాటింది. రెండోవాడు అక్కడ పుట్టాడు.

తిరుగు ట్రాములో నకలు నా రవికలో ఉంది. ఎన్నిసార్లు తీసి చూశానో. అందులో ఒక్క అబద్ధం లేదు. హారింగ్ అని ఉంది, యాన్ అని ఉంది, ఇమ్‌క్యె అని ఉంది. అడిగినవాళ్ళకి చాలు, అడగకపోతే మరీ చాలు. కానీ ఆ ఈక టోపీ నా కళ్ళ ముందు నుంచి కదలదు.

మర్నాడు మెన్నో చర్చి పెద్ద దగ్గరికి వెళ్ళాను. ఆయన పాత పుస్తకం తీసి చూపించాడు. హారింగ్ యాన్స్, తన నోటితో ఒప్పుకుని బాప్తిస్మం పొందాడు. అంతే. తల్లి లేదు, తండ్రి లేడు.

"అమ్మానాన్నల పేర్లు రాయలేదేమండీ?"

"ఎందుకు రాస్తాం? వచ్చి మాట్లాడింది వాడు. వాళ్ళమ్మ కాదు."

సాయంత్రం పాలు పితికే వేళ పశువుల కొట్టంలోకి వెళ్ళి యెల్లెకి చెప్పాను. ఆవు కడుపుకి తల ఆనించుకుని అలాగే విన్నాడు.

"నకలు మీద సిలువ ఉందా?"

"లేదు."

"మరింకేం."

"హిస్కె చూసింది యెల్లె."

"టోపీ చూసి చెబుతున్నావు. లోకంలో టోపీలు హిస్కె ఒక్కదానికే ఉన్నాయా?"

"ఈకున్న టోపీ ఇంకెవరికుంది మన ఊళ్ళో?"

యెల్లె పొదుగు మీద చెయ్యి మార్చాడు. పాలు బాల్చీలో పడుతున్నాయి.

"మెమ్‌కి చెప్పనా?"

"పిచ్చా నీకు? మెమ్‌కి చెబితే మెమ్ తిన్నగా వెళ్ళి వాళ్ళకి చెప్పేస్తుంది. ఆవిడ నోట్లో మాట నిలుస్తుందా? ఆ కాగితం ఇచ్చెయ్, నోరు మూసుకో, అంతే." బాల్చీ సర్దుకుని మళ్ళీ అన్నాడు. "మన హారింగ్ ఇమ్‌క్యె కొడుకు కాకపోతే గదా మోసం. కొడుకే. కాగితం ఒకటి తక్కువైంది, అంతేగా?"

అంతే. నేనూ నాకు అదే చెప్పుకున్నాను. చెప్పుకున్నకొద్దీ తిండి సయించడం మానేసింది.

మెమ్ మాత్రం నకలు చూసిన రోజు నుంచి గడియారం తుడవడం మొదలుపెట్టింది. బరువులు దింపి, గొలుసులు సబ్బునీళ్ళలో నానేసి, తలుపు మీద బొమ్మల రంగు పోకుండా పాత మేజోడుతో రుద్దేది. నేను వెళితే టీ పోసి, కలకండ ముక్క కప్పులో వేసి, అది చిటపటలాడేది వింటూ కూచునేది.

"ఆ గదిలో గడియారం ఏ గోడకి బాగుంటుందే ఫ్రౌక్యె? తలుపు పక్కనా, పొయ్యి పైనా?"

"మెమ్‌కి ఎక్కడ నచ్చితే అక్కడే."

"పొయ్యి పైన అయితే వేడికి పరుగెడుతుంది. నువ్వు రొట్టె తినట్లేదేం? చక్కెర రొట్టె, నీకోసమే తెచ్చాను."

"ఆకలి లేదు."

"మళ్ళీ కడుపుతో గానీ ఉన్నావా ఏమిటి? అయిదుగురు చాల్లే, ఇంక ఆపమను మా వాణ్ణి."

నవ్వాననుకుంటాను. మా వైపు పెద్దవాళ్ళనీ ఆసాముల్నీ నువ్వు అనం. ఎదురుగా కూచున్నా, అక్కడ లేని మనిషి గురించి చెప్పినట్టు పేరో వరసో పెట్టి మాట్లాడతాం. ఆ పద్ధతి ఆ రోజుల్లో నాకు కలిసొచ్చింది. మెమ్ కళ్ళలోకి చూడకుండా మెమ్ గురించి మాట్లాడొచ్చు.

ఆదివారం మెమ్‌ని తీసుకుని పెద్ద చర్చి పక్కనుంచి వస్తున్నాం, మామగారి సమాధికి వెళ్ళి. గోడ దగ్గర చిన్న రాయి ఒకటుంది. రైండర్, హోయిటింగా వారి కుమారుడు, ఎనిమిది నెలల వయసు. ఆసామికి అన్న. ఆయన కూడా ప్రతి ఆదివారం ఆ రాయి పక్కనుంచే లోపలికి వెళతాడు, పక్కకి చూడడు. మెమ్ ఎప్పటిలాగే మోకాళ్ళ మీద కూచుని ఆ రాయి చుట్టూ కలుపు పీకింది. పెళ్ళికి ముందు ఆవిడ హోయిటింగా వారింట్లో పనిచేసింది, ఆ పాత విశ్వాసం అనుకునేదాన్ని నేను.

హిస్కె ఎదురొచ్చింది. టోపీకి ఈక.

"విట్స్‌కె బావుందా?" అంది, మెమ్ పక్కనే ఉండగా నన్ను చూస్తూ. "దగ్గు తగ్గిందా? పట్నం గాలి పొడిగా ఉంటుందిలే. ఛాతీకి మంచిదంటారు."

"మాకెందుకు పట్నం," అంది మెమ్ నేల మీద నుంచే. "అఫ్కె కిటికీకి నువ్వు కొలిచిన తెర కుట్టడం అయిందా? అయితే నాకిచ్చెయ్, పారెయ్యడం దేనికి."

హిస్కె మొహం ఎర్రబడింది, కానీ తల తిప్పుకోలేదు. నన్నే చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వుతో నాకు తేలిపోయింది, సిలువ చూసిందని. ఆ రాత్రి నుంచి కళ్ళు మూస్తే చాలు, పేజీ నిండా సిలువలే. చెప్పేద్దామని పొద్దున్నే మెమ్ ఇంటికి బయల్దేరేదాన్ని. కిటికీలోంచి మేజోడుతో గడియారం రుద్దుతున్న చెయ్యి కనపడగానే, ఏదో పని మీద వచ్చినట్టు గుడ్లు అడిగి తెచ్చుకునేదాన్ని. మా ఇంట్లో పిల్లలు తినలేనన్ని గుడ్లు పోగయ్యాయి.

ధర్మకర్తల కూటం ధర్మగదుల ముందు గదిలో జరిగింది. పొడుగు బల్ల. మధ్యలో రైండర్ హోయిటింగా, ఒకవైపు పాస్టరు, ఇంకోవైపు కలంతో పంతులు. మెమ్ నల్లబట్టలు కట్టి, వెండి తలకట్టు మీద జాలీ టోపీ పెట్టుకుని గోడవార కుర్చీలో నిటారుగా కూచుంది. పక్కన నేను. హిస్కె రాలేదు. రాకపోవడంతో నాకు మరీ భయమేసింది.

పంతులు కాగితాలు ఒక్కొక్కటే చదివాడు. మెమ్ పుట్టుక, తల్లి, తాత. చివర్లో నకలు. హారింగ్, తండ్రి యాన్ ఫైకెస్, తల్లి ఇమ్‌క్యె. చదివి, ముద్ర వాళ్ళకి చూపించి కింద పెట్టాడు. పాస్టరు తలూపాడు. నేను ఊపిరి వదలబోయాను.

"ఈ బిడ్డ పేరు పక్కన అసలు పుస్తకంలో ఒక సిలువ ఉందని విన్నాను," అన్నాడు హోయిటింగా. కోపంగా కాదు, పాల ధర చెప్పినట్టు. "పోయిన బిడ్డలకి పెట్టే గుర్తట. పంతులు గారు నిన్న వెళ్ళి చూసొచ్చారు."

పంతులు కలం వైపు చూస్తూ, "ఉంది," అన్నాడు.

"విట్స్‌కె చెబుతున్న హారింగ్ పసితనంలోనే పోయాడు. పోయిన పిల్లాడికి మనవలుండరు."

మెమ్ మెల్లిగా నా వైపు తిరిగింది.

"నీకు తెలుసటే?"

"తెలుసు, మెమ్."

"ఎప్పటినించి?"

"ల్యూవర్డెన్ వెళ్ళినప్పటినించి."

"అందుకా తిండి మానేశావు," అంది. తిట్టలేదు. నా చేతి మీద చెయ్యి వేసి తీసేసింది. వాళ్ళ వైపు తిరిగింది. "ఆ హారింగ్ కాదు. వాడు పోయాడు. మా వాడు తరవాతి వాడు. ఆ పేరే మళ్ళీ పెట్టారు."

"ఆ తరవాతి వాడు ఏ పుస్తకంలో ఉన్నాడు?"

"మా వాళ్ళు పసిపిల్లల్ని పుస్తకంలోకి ఎక్కించరు. ఆసామి గారికి తెలియందా?"

"అంటే లేడు." హోయిటింగా నకలు మడతపెట్టాడు. "చూడు విట్స్‌కె, నాకేం పగ లేదు. బాటె రాయి మీద రక్తం అని ఉంది. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే పేరు. అందులో ఒకడు పోయినట్టు సిలువ ఉంది. ఇంకొకడు పుట్టాడని చెప్పే అక్షరం ఎక్కడా లేదు. ఉన్నాడని మేం దేన్ని చూసి నమ్మాలి?"

మెమ్ లేచింది. కుర్చీ పట్టుకుని లేచి, బల్ల దాకా నడిచి, దాని మీద రెండు చేతులూ ఆనించింది. ఆవిడ ఆసామిని నువ్వు అనడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"చర్చి గోడ పక్కన రాయి మీద రైండర్ హోయిటింగా పోయాడని ఉంది. రాయి దాకా ఎందుకు, వాడు పోయింది నా ఒళ్ళో. మీ అమ్మ మంచం మీంచి లేవలేకపోతే వాడికి ఆఖరి గుడ్డ చుట్టింది నేను. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే పేరు. పోయిన పిల్లాడికి మనవలుండరంటివి, మరి పొలాలుంటాయా? ఆ కుర్చీలో కూచున్న నువ్వెవరివి?"

పంతులు కలం కొసన సిరా బొట్టు నిలిచిపోయింది. హోయిటింగా చెయ్యి మడతపెట్టిన నకలు మీదే ఉంది.

"చెప్పు," అంది మెమ్. "నువ్వెవరివో నువ్వు చెప్పు. హారింగ్ ఎవడో అప్పుడు నేను చెబుతాను."